గాలికి కొలత నేర్పిన నావికుడు : సర్ ఫ్రాన్సిస్ బోఫర్ట్

నీటిని కుండతో కొలువవచ్చును. బియ్యమును మానికతో కొలువవచ్చును. గుడ్డను గజముతో కొలువవచ్చును. గాలి నెట్లు కొలుచుట? నిన్నటి గాలి పెద్దదని యొకడును, మొన్నటి గాలియే పెద్దదని మఱియొకడును వాదించినచో నిరువురిలో నెవ్వరి మాట నిజమో తేల్చుట యెట్లు? ఒకని చెవికి హోరుమనునది మఱియొకని చెవికి మామూలు గాలియే కావచ్చును. పల్లెటి రైతు పెనుగాలి యన్నదానిని సముద్రముపై నలువదియేండ్లు తిరిగిన సరంగు లెక్కచేయకపోవచ్చును.

ఈ కాలమున ననేకుల ఇండ్లమీదను, కొన్ని పాఠశాలల డాబాలమీదను చిన్న వాతావరణ యంత్రములు వెలసినవి. మూడు చిన్న గిన్నెలు గిరగిర తిరుగుచుండును; వాని ప్రక్కన నొక చుక్కాని గాలి వచ్చు దిక్కును జూపుచుండును; ఇంటిలోని పలకమీద నొక అంకె వెలుగుచుండును. పిల్లవాడు చూచి 14 అని చదువును. పదునాలుగు ఏమిటి? అది చిన్నగాలియా, పెద్దగాలియా? ఆ అంకెను నమ్మవచ్చునా? ఈ ప్రశ్నలు పుట్టిననాడు మనము తప్పక తలచుకొనవలసిన పురుషుడు సర్ ఫ్రాన్సిస్ బోఫర్ట్. ఆయన పేరు గాలి యంకెలకు తగిలియున్నందున లోకమున కంతటికి తెలిసినదే. ఆయన జీవితము మాత్రము మనలో పెక్కురకు తెలియదు.

ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1774వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఐర్లండు దేశమున మీత్ జిల్లాలోని నావన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి డానియల్ అగస్టస్ బోఫర్ట్ ప్రొటెస్టెంటు సంఘమున పాదిరి. వీరి పూర్వులు ఫ్రాన్సు దేశీయులు. మతమును బట్టి కలిగిన హింసల వలన ఆ దేశమును విడిచిన హ్యూగనోట్ కుటుంబములలోనివారు. తండ్రికి చదువుమీదను, పటములమీదను మిక్కిలి ప్రీతి. 1792లో నతడు ప్రకటించిన ఐర్లండు దేశపటము చాలకాలము మన్నన పొందెను. అప్పులు మాత్ర మాయనను విడువలేదు. కాబట్టి ఈ కుమారునకు తండ్రియొద్దనుండి సంక్రమించినది ధనము కాదు, దేనినైనను సరిగా గీచి సరిగా వ్రాయవలెనను పట్టుదల.

బాలుడు పాఠశాలను త్వరగా విడిచెను. సముద్రముమీదికి పోవలెనన్న కోరిక చిన్ననాడే పుట్టినది. డబ్లిను చేరువనున్న డన్సింక్ నక్షత్రశాలలో కొన్ని నెలలు హెన్రీ ఉషర్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞునియొద్ద నక్షత్రములను బట్టి స్థలనిర్ణయము చేయు విద్య నభ్యసించి, 1789లో ఈస్టిండియా కంపెనీవారి వాన్సిటార్ట్ అను ఓడనెక్కెను. అప్పటికి వయస్సు పదునైదేండ్లు నిండలేదు.

ఆ మొదటి ప్రయాణమే ఓడ పగులుటతో ముగిసెను. సుమత్రాకు తూర్పున బంకా, బిల్లిటన్ దీవుల నడుమ గాస్పర్ జలసంధి యున్నది. అచ్చటి లోతులను తెలిపెడు నమ్మదగిన పటములు లేకపోయినందున కెప్టెను లెస్టాక్ విల్సన్ ఆ దారిని కొలుచుచు పోవుచుండెను. కొలుచుచుండగనే ఓడ నీటిలో దాగియున్న దిబ్బకు తగిలి పాడైపోయెను. బోఫర్ట్ పడవలలో బయటపడినవారిలో నొకడు. పటము సరిగా లేకపోయిన మనుష్యుల ప్రాణములు పోవునను సంగతి నాయన పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. తరువాత నఱువదియేండ్లకు పైగా ఆయన చేసిన పనియంతటికిని వేరు ఆ దిబ్బయొద్దనే యున్నదని నా యభిప్రాయము. ఆ విల్సన్ కెప్టెనుగారి కుమార్తె ఆలీషియానే 1812లో నాయన వివాహమాడెను.

తిరిగివచ్చిన పిమ్మట బోఫర్ట్ 1790లో ఇంగ్లీషు రాజ నావికాదళమున చేరెను. ఇంచుమించు ఆ దినములయందే నిత్యము వాతావరణమును గూర్చి దినచర్య వ్రాయుట మొదలుపెట్టి, దానిని జీవితాంతము వఱకు సాగించెను. యుద్ధములు వచ్చెను, గాయములు తగిలెను, ఉద్యోగములు మారెను. ఆ పుస్తకము మాత్రము మూతపడలేదు.

ఆ తొలి యేండ్లలోనే పోర్ట్స్‌మత్ రేవున చిన్న పడవనుండి జారి నీటబడెను. చిత్రమేమనగా నావికుడైనను అప్పటికాయనకు ఈత రాదు. మునుగుచున్న క్షణములలో తన గత జీవితమంతయు వెనుకనుండి ముందునకు కన్నులయెదుట కదలినట్లు తోచెనట. చాల యేండ్ల తరువాత ఆ యనుభవమును వైద్యశాస్త్ర పండితుడగు వొలస్టన్ అనువానికి లేఖగా వ్రాసెను. తన మరణావస్థను గూడ నొక వాతావరణ పరిశీలనవలె నెమ్మదిగా వర్ణించిన మనుష్యుడాయన.

1794 జూన్ మొదటి తేదీన ఫ్రెంచివారితో జరిగిన పెద్ద నౌకాయుద్ధమున నాయన అక్విలాన్ అను ఓడమీద నుండెను. 1800 అక్టోబరులో స్పెయిన్ దేశపు మాలగా తీరమున శత్రువుల ఓడ నొకదానిని పడవలతో ముట్టడించి పట్టుకొనుటలో ముందు నడచెను. ఓడ చిక్కెను గాని ఆయన దేహముమీద కత్తిపోట్లు, తుపాకి గుండ్లు కలిసి పందొమ్మిది గాయములాయెను. పదోన్నతి నిచ్చిరి, ఓడ నియ్యలేదు. కోలుకొను కాలమున నూరకుండక, తన సోదరి భర్తయగు రిచర్డ్ లోవెల్ ఎడ్జ్‌వర్త్‌తో కలిసి 1803, 1804 సంవత్సరములలో డబ్లినునుండి గాల్వే వఱకు కొండలమీద స్తంభములు నాటి, సంజ్ఞలతో వార్తలు పంపు ఏర్పాటు కావించెను. ఫ్రెంచివారు దిగుదురేమో యను భయము తీరగనే ప్రభుత్వమువారు దానిని విడిచిపెట్టిరి. ఈ ఎడ్జ్‌వర్త్ పేరు మఱువకుడు. గిన్నెల యంత్రము దగ్గర మరల వచ్చును.

1805లో నెట్టకేల కాయనకొక ఓడ దొరికెను. దాని పేరు వుల్విచ్. ఒకప్పుడది యుద్ధనౌకయే, అప్పటికి సామానులు మోయునట్టి ఓడగా మార్చబడినది. తోటివారు యుద్ధములలో పేరు పొందుచుండగా తనకీ సరకుల ఓడ యిచ్చిరని బోఫర్ట్ మిక్కిలి చిన్నబోయెను. అయినను లోకము నేటికిని ఆయనను తలచుచున్నది ఈ ఓడమీద చేసిన పనివలననే. 1806 జనవరి 13వ తేదీన దినచర్యలో, ఇకమీదట గాలి బలమును మాటలతో గాక అంకెలతో వ్రాయుదునని నిశ్చయించుకొని, నిశ్చలమునకు 0 మొదలు తుపానునకు 13 వఱకు నొక వరుస వ్రాసికొనెను. ఆకాశస్థితికిని ఒక్కొక్క యక్షరమును గుర్తుగా నేర్పఱచెను. నీలాకాశమున కొకటి, మబ్బున కొకటి, వానకొకటి. మఱుసటి సంవత్సరము ఒక మెట్టు తగ్గించి 0 నుండి 12 వఱకు స్థిరపఱచెను.

ఇట్టి వరుస నాయనయే మొట్టమొదట కనిపెట్టెనని చెప్పుట సరికాదు. ఇంగ్లండులో స్మీటన్ అను ఇంజనీరు గాలిమరలు తిరుగు తీరును బట్టి గాలికి తరగతులు 1759 నాటికే యేర్పఱచియుండెను. చిన్నతనముననే మదరాసు వచ్చి కంపెనీ కొలువున చేరి, తరువాత ఇంగ్లండు నావికాదళమున సముద్రపటముల శాఖకు మొదటి యధికారియైన అలెగ్జాండర్ డాల్రింపుల్, ఆ తరగతులను ఓడలకు పనికివచ్చునట్లు దిద్దెను. బోఫర్ట్ చేసిన కొత్త పని మఱియొకటి. ఆయన ఓడనే కొలతబద్దగా మార్చెను.

అది యెట్లో వినుడు. గాలి బలమును నీ కెట్లు తోచెనో వ్రాయుమని నావికుని నడుగలేదు. నీ ఓడమీద నెన్ని తెరచాపలు నిలిచెనో వ్రాయుమనెను. 1 అనగా చుక్కానికి లొంగునంత మాత్రము ఓడ కదలునట్టి గాలి. 2, 3, 4 అంకెలు, చాపలన్నియు విప్పిన మంచి యుద్ధనౌక తేటనీటిలో నెంత వేగముగా పోవునో దానిని బట్టి నిర్ణయింపబడినవి. 5 మొదలు 9 వఱకు, శత్రువును తఱుముచు పోవు ఓడ యెన్ని చాపలను తట్టుకొనగలదో, వేనిని మడిచి కట్టవలసియుండునో దానిని బట్టి. 10వ అంకెకు రెండు చాపలను ముడిచి యుంచుటయే కష్టము. 11కు చిన్న తుపాను చాపలు మాత్రమే నిలుచును. 12వ అంకె గాలికి ఏ గుడ్డయు నిలువదు.

ఇందలి తెలివి గమనింపుడు. చాపను మడిచితినో లేదో యనుటలో నభిప్రాయభేదమునకు తావు లేదు. ఓడలోని వందలమంది దానిని చూతురు. బద్ధకపు కెప్టెను కొద్దిపాటి గాలికే చాపలు దించి ఆలస్యముగా వచ్చి పెనుగాలి వీచెనని బొంకుటకు వీలులేదు. అదే దినమున అదే సముద్రముమీదనున్న మఱియొక ఓడ లెక్కతో సరిచూడవచ్చును. ఒకరికొకరు పరిచయము లేని ఇద్దరు నావికులు వేర్వేరు సముద్రములపై వ్రాసిన 7 అను అంకెకు ఒకటే యర్థము కలిగెను. కొలత యనగా నిదియే.

1807లో వుల్విచ్ దక్షిణ అమెరికాకు పోయినప్పుడు ప్లేట్ నదీముఖమును బోఫర్ట్ కొలిచి పటము గీచెను. ఆ పని చూచి డాల్రింపుల్ మెచ్చుకొనెను. 1810లో పూర్తి కెప్టెను పదవి లభించెను. 1811, 1812 సంవత్సరములలో ఫ్రెడరిక్‌స్టీన్ అను ఓడతో తురక దేశపు దక్షిణ తీరమును కొలుచు పని యప్పగింపబడెను. 1812 జూన్‌లో అయాస్ అనుచోట తీరవాసులు కొందఱు కొలతపనివారిమీద పడిరి. పడవలోనివారిని కాపాడబోయిన బోఫర్ట్‌కు తుంటియెముకకు గుండు తగిలెను; ఆయన పరివారములో నొక పిన్నవయస్కుడు మరణించెను. ఆ గాయముతో నాయన సముద్రజీవితము ముగిసినది. ఇంగ్లండుకు వచ్చి ఆ తీరపు పటములను తన చేతితోనే గీచి, అచ్చటి పురాతన శిథిలములను గూర్చి కరమానియా యను గ్రంథమును 1817లో ప్రకటించెను. 1814లోనే రాయల్ సొసైటీవారు తమ సభ్యునిగా నెన్నుకొనియుండిరి. తరువాత పండ్రెండేండ్లకు పైగా చెప్పుకొనదగిన యుద్యోగమేదియు లేక గడచెను.

ఏబదియైదేండ్ల వయస్సున, తోటివారు విశ్రాంతిని గూర్చి యాలోచించుచుండగా, 1829లో నాయనను సముద్రపటముల శాఖకధికారిగా నియమించిరి. 1855 వఱకు, అనగా ఎనుబదియొకటవ యేటివఱకు, ఇంచుమించు ఇరువదియాఱేండ్లా పదవియందుండెను. అంతకుముందు మూలబడిన పటముల గదివలెనుండిన ఆ శాఖ ఆయన చేతిలో ప్రపంచమందలి సముద్రతీరములన్నిటిని కొలిపించు పెద్ద సంస్థయాయెను. 1833 మొదలు పోటుపాటుల పట్టికలను ప్రకటింపజేసెను. ఉత్తరధ్రువ ప్రాంతమున తప్పిపోయిన సర్ జాన్ ఫ్రాంక్లిన్ బృందమును వెదకించుటలో ముఖ్యముగా పాటుపడెను. అలాస్కాకు, కెనడాకు ఉత్తరముననున్న సముద్రమున కాయన పేరు పెట్టిరి.

ఆయన వ్రాయించిన ఒక్క యుత్తరము శాస్త్రచరిత్రను మార్చినది. 1831లో బీగిల్ అను కొలత ఓడను దక్షిణ అమెరికా తీరములకు పంపవలసివచ్చెను. కెప్టెను ఫిట్జ్‌రాయ్ తనతో ప్రకృతిశాస్త్రమెఱిగిన సహచరుడొకడు కావలెనని కోరగా, బోఫర్ట్ కేంబ్రిడ్జిలోని తన స్నేహితుని విచారించెను. అతడు మఱియొకరిని, వారు ఇరువదిరెండేండ్ల చార్లెస్ డార్విన్‌ను చూపించిరి. ఆ ఓడకే బోఫర్ట్ తన గాలియంకెలను, ఆకాశపు గుర్తులను వ్రాసియిచ్చి, ప్రయాణమంతటను వాడుమని యాజ్ఞాపించెను. తన సొంత పుస్తకములలో ఇరువదియైదేండ్లు మెదలిన వరుస ఆ విధముగా మొదటిసారి ప్రభుత్వపు పనిలో వాడబడెను. 1838 డిసెంబరులో నావికాదళపు ఓడలన్నియు నీ యంకెలనే వ్రాయవలెనని ఆజ్ఞ వెలువడెను. అధికారము చేతికి వచ్చిన మఱునాడే తన కల్పనను లోకముమీద రుద్దక, తొమ్మిదేండ్లు వేచియుండుట గొప్ప సంగతి. ఈ వరుసకు తన పేరు నాయన పెట్టుకొనలేదు, పరులు పెట్టినది.

1846లో రియర్ అడ్మిరల్ బిరుదును, 1848లో సర్ అను గౌరవమును పొందెను. మొదటి భార్య 1834లో మరణింపగా, 1838లో ఎడ్జ్‌వర్త్‌గారి కుమార్తె హొనోరాను వివాహమాడెను. ఈమె తన సోదరికి సవతి కుమార్తె.

ఈ కుటుంబముతోనే గిన్నెల యంత్రము కథ ముడిపడియున్నది. ఐర్లండులోని ఆర్మా నక్షత్రశాల కధ్యక్షుడుగా 1823 మొదలు 1882లో మరణించువఱకు నుండిన థామస్ రోమ్నీ రాబిన్సన్ అను పాదిరిగారు, 1843లో బోఫర్ట్ మేనగోడలు లూసీ ఎడ్జ్‌వర్త్‌ను వివాహమాడెను. 1846లో నాయన నాలుగు అడ్డుచేతుల కొసలకు అర్ధగోళాకారపు గిన్నెలు తగిలించి, అవి తిరుగు చుట్లను లెక్కించి గాలివేగము చెప్పు యంత్రమును నిర్మించెను. అట్టి గిన్నెల యూహ మామగారగు ఎడ్జ్‌వర్త్‌దని రాబిన్సనే యొప్పుకొనెను. గిన్నె బోలుభాగమునకు తగులు గాలి, వెనుకనుండు గుండ్రని భాగమునకు తగులు గాలికంటె బలముగా నెట్టును. కాబట్టి గాలి యే దిక్కునుండి వచ్చినను చక్రమొకే వైపు తిరుగును. నేడు మన డాబామీద తిరుగు మూడుగిన్నెల చక్రము దాని మనుమరాలే. మూడుగిన్నెల పద్ధతి 1926లో కెనడా దేశీయుడు పాటర్సన్ ప్రవేశపెట్టెను.

యంత్రమన్నంత మాత్రమున తప్పు పోవునని తలపకుడు. గిన్నెలు గాలివేగములో మూడవ వంతున తిరుగునని, గిన్నె పరిమాణమెంతయైనను ఈ లెక్క మారదని రాబిన్సన్ నమ్మెను. కావున చాలకాలము గిన్నెల వేగమును 3 చేత హెచ్చించి గాలివేగమని వ్రాసిరి. తరువాత పరీక్షించి చూడగా ఆ పెద్ద యంత్రములకు 3 కాదు, సుమారు 2.2 మాత్రమే సరియైన గుణకమని తేలెను. అనగా నెన్నో యేండ్ల లెక్కలలో గాలివేగము నిజమునకంటె మూడవ వంతుకు పైగా హెచ్చుగా నమోదాయెను! కన్నుతో చూచి వ్రాసిన ముసలి నావికుని యంకె ఆ దినములలో యంత్రపు టంకెకంటె నమ్మదగినదై యుండెననుట వింతగా తోచును గాని నిజము.

ఇంతలో చాపల ఓడలు పోయి ఆవిరి ఓడలు వచ్చెను; చాపలు లేనిచోట చాపలబద్ద పనికిరాదు గదా. 1906లో ఇంగ్లండు వాతావరణ శాఖలోని జార్జి సింప్సన్ ప్రతి యంకెకును నేలమీది గుర్తులను, యంత్రముతో కొలిచిన వేగమును జతచేసెను. ఈ సింప్సన్ ఆ యేడే మన భారతదేశ వాతావరణ శాఖలో చేరి, అటనుండియే 1910లో కెప్టెను స్కాట్‌తో దక్షిణధ్రువమునకు పోయెను. అప్పటినుండి పొయ్యిపొగ నిటారుగా లేచిన 0. పొగ వాలినను గాలిచుక్కాని కదలకున్న 1. ముఖమునకు గాలి సోకి ఆకులు గలగలలాడిన 2. చిన్న జెండా విప్పుకొనిన 3. దుమ్ము, కాగితములు లేచిన 4. చిన్న చెట్లు ఊగిన 5. పెద్ద కొమ్మలు కదలి తీగెలు ఈలవేసి గొడుగు పట్టుట కష్టమైన 6. ఎదురుగాలికి నడచుట కష్టమైన 7. 8లో చిన్నకొమ్మలు విఱుగును, 9లో పెంకులు లేచును, 10లో చెట్లు వేళ్లతో కూలును. తక్కినవి చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు మన పిల్లవాని పలకమీది 14కు వత్తము. ముందుగా అది దేనిలో 14 అని చూడవలెను. గంటకు 14 కిలోమీటర్లైనచో 3వ అంకె, జెండా విప్పుకొను చల్లని గాలి. సెకనుకు 14 మీటర్లైనచో, 3.6 చేత హెచ్చింపగా గంటకు 50 కిలోమీటర్లు దాటును. 7వ అంకె, ఎదురుగా నడువలేని గాలి. నావికుల నాట్ అను కొలతలో 14 అయినచో, ఒక్కొక్క నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు గనుక సుమారు 26. అది 4వ అంకె, దుమ్ము లేపు గాలి. ఒకే 14 మూడు వేర్వేరు గాలులు!

అంకెకు అంకెకు నడుమ దూరము సమానము కాదని గూడ తెలియవలెను. 4వ అంకెకు రెట్టింపైన 8వ అంకె గాలి వేగము రెట్టింపు కాదు. దాదాపు రెండుమ్ముప్పావు రెట్లు. గాలి త్రోపు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక ఆ త్రోపు ఎనిమిది రెట్లగును. గణితమున ప్రీతిగల విద్యార్థులు, అంకెను ఒకటిన్నర ఘాతమునకు హెచ్చించి 0.836 చేత గుణించిన సెకనుకు మీటర్లలో వేగము వచ్చునను సూత్రముతో సరిచూచుకొనవచ్చును.

రెండవది, యంత్రము నిలిచిన చోటు. ప్రపంచమంతట గాలివేగమును బయలు ప్రదేశమున నేలకు 10 మీటర్ల యెత్తున కొలువవలెనని నియమము. ప్రక్కనున్న చెట్టుగాని కట్టడముగాని దాని యెత్తునకు పదింతల దూరముననుండవలెను. రెండు మీటర్ల యెత్తున బయట నిలిపిన యంత్రము అందులో సుమారు ముప్పావు వంతే చూపును. ఇక పిట్టగోడ చాటున కట్టినదో, అది గాలిని కాదు, గోడ వెనుక తిరుగు సుడిని కొలుచును. గోడ అంచుమీద కట్టినది, గాలి అచ్చట ఒత్తుకొని పరుగెత్తును గనుక, ఒక్కొక్కప్పుడు హెచ్చు చూపును. దుమ్ముపట్టి ఇరుసు బిగిసిన గిన్నెలు సన్నగాలికి కదలనే కదలవు. పలకమీద 0 యనియున్నను ప్రక్కయింటి పొగ వాలియే యుండును. అట్టి సమయమున బోఫర్ట్ మార్గమే దారి: బయటికి వచ్చి ఆకును చూడవలెను.

మూడవది, కాలము. గాలి సమముగా వీచదు. ఊపిరివలె లేచి తగ్గును. పది నిమిషముల సగటు ఒకటి. మూడు సెకనుల విసురు మఱియొకటి. విసురును సగటుగా చదివినవాడు చిన్నగాలిని తుపాను చేయును. తుపానుల వేళ వేర్వేరు దేశములవారు వేర్వేరు అంకెలు చెప్పుటకును ఇది యొక కారణము. మన దేశ వాతావరణ శాఖవారు మూడు నిమిషముల సగటును, అమెరికావారు ఒక నిమిషపు సగటును వాడుదురు. దిక్కును గూర్చి యొక్కమాట: గాలికి అది వచ్చు దిక్కు పేరే గాని పోవు దిక్కు పేరు కాదు. పడమటి గాలి యనగా పడమటనుండి వచ్చునది. ఇది మన పల్లెలలో నెవ్వరును తప్పరు. యంత్రపు బాణమును చూచి చదువుకొన్నవారే తప్పుదురు.

మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము తీరములందున్న మనకు బోఫర్ట్ మఱింత దగ్గరివాడు. వాతావరణ శాఖవారు వాయుగుండమును 17 నాట్‌లయొద్దను, తీవ్ర వాయుగుండమును 28 యొద్దను, తుపానును 34 యొద్దను, తీవ్ర తుపానును 48 యొద్దను, అతి తీవ్ర తుపానును 64 యొద్దను మొదలుపెట్టుదురు. ఈ యంకెలు ఊరక యెంచుకొన్నవి కావు. వరుసగా అవి బోఫర్ట్ మెట్లలో 5, 7, 8, 10, 12లు మొదలగు చోట్లు. రేడియోలో తుపాను స్థాయి మారినదని వినునప్పుడు, ఆ సరకుల ఓడ దినచర్యలోని మెట్టు ఎక్కుచున్న చప్పుడే మనకు వినబడుచున్నది. అయితే గాలియంకె యొకటే చాలదనుటకు దివిసీమ సాక్షి. 1977 నవంబరు 19న అచ్చట వేలకొలది ప్రాణములను హరించినది ముఖ్యముగా గాలి త్రోసికొనివచ్చిన ఉప్పెన. 12వ అంకెకు పైన మెట్లు లేని వరుసలో ఆ యుప్పెన యెత్తు ఎక్కడను లేదు.

పదవి విడిచిన రెండేండ్లకు, 1857 డిసెంబరు 17వ తేదీన, ఎనుబదిమూడవ యేట, బోఫర్ట్ ఇంగ్లండు దక్షిణ తీరమున మరణించెను. లండనులోని హాక్నీ సంఘపు శ్మశానమున సమాధి చేసిరి. మరునటి సంవత్సరము భార్య హొనోరా మరణించెను. ఆయన గాలి వాన మబ్బు లెక్కల పుస్తకములు ఇంగ్లండు వాతావరణ శాఖవారి ఎక్సెటర్ భాండాగారమున భద్రపఱుపబడియున్నవి. 1806 జనవరి 13వ తేదీ పుట అందులోనిదే.